జవాబు సరైనదే, మరి 7కి ఒక్క మార్కేంటి?

నీ ప్రశ్న చదివాను. పదో తరగతిలో ఉన్నావు. పూర్తి పరిష్కారాలు రాయాల్సిన గణిత పోటీకి వెళ్లడం ఇదే మొదటిసారి. ఐదు లెక్కల్లో నాలుగింటికి జవాబులు కరెక్టు, అయినా 35కి 6 మార్కులే వచ్చాయి. "దిద్దినవాళ్లు సరిగా చూడలేదేమో, మళ్లీ దిద్దమని అడగొచ్చా?" అన్నావు. అడగొచ్చు, తప్పేం లేదు. కానీ నువ్వు నమూనాగా ఇచ్చిన, 7కి 1 వచ్చిన మొదటి లెక్క చూశాక, నేను దిద్దినా అంతే వేసేవాణ్ని. చాలా ఏళ్లుగా ఇలాంటి పేపర్లు దిద్దుతున్నాను కాబట్టి, బల్లకి అవతలి వైపు నుంచి నీ కాగితం ఎలా కనిపిస్తుందో చెబుతాను.

లెక్క ఇది: పి, పి² + 2 రెండూ ప్రధాన సంఖ్యలయ్యే పి విలువలన్నీ కనుక్కోండి. నువ్వు రాసింది: పి = 2 అయితే 6, కాదు. 3 అయితే 11, అవును. 5 అయితే 27, కాదు. 7 అయితే 51, కాదు. 11 అయితే 123, కాదు. 13 అయితే 171, కాదు. "కాబట్టి పి = 3 మాత్రమే."

ఆ "కాబట్టి" దగ్గరే ఆరు మార్కులు పోయాయి. నువ్వు ఆరు సంఖ్యలు పరీక్షించావు. ప్రధాన సంఖ్యలు అనంతం. మిగతావాటి సంగతి ఏమిటని దిద్దేవాడు అడిగితే నీ కాగితంలో జవాబు లేదు. "అలాగే సాగుతుంది కదా" అంటావేమో. లెక్కల్లో అలా సాగనివి బోలెడు. ఎన్² + ఎన్ + 41 తీసుకో. ఎన్ స్థానంలో 0 నుంచి 39 దాకా ఏది పెట్టినా ప్రధాన సంఖ్యే వస్తుంది. 40 పెట్టగానే 1681 వస్తుంది, అది 41 వర్గం. వృత్తం మీద బిందువులు పెట్టి అన్నింటినీ ఒకదానితో ఒకటి కలుపుతూ పో, మూడు గీతలు ఒకే చోట కలవకుండా చూసుకో. లోపల ఏర్పడే భాగాలు వరసగా 1, 2, 4, 8, 16 అవుతాయి. తర్వాత 32 అని రాయడానికి చెయ్యి దురద పెడుతుంది. వచ్చేది 31.

నాకు బాధనిపించింది మాత్రం వేరే విషయం. నీ పట్టికను నువ్వే సరిగా చూసుకోలేదు. 27, 51, 123, 171. నాలుగూ 3 గుణిజాలే! పరిష్కారం నీ కాగితం మీదే ఉంది, నువ్వు దాని పక్కనుంచి నడిచి వెళ్లిపోయావు. పూర్తి పరిష్కారం ఇంతే:

పి = 3 అయితే పి² + 2 = 11, ప్రధాన సంఖ్యే, కాబట్టి పి = 3 పనికొస్తుంది. పి 3 కాని ప్రధాన సంఖ్య అయితే దాన్ని 3 భాగించదు, కాబట్టి 3తో భాగిస్తే పి శేషం 1 లేదా 2. రెండు సందర్భాల్లోనూ పి² శేషం 1. అంటే పి² + 2ను 3 నిశ్శేషంగా భాగిస్తుంది. పైగా పి కనీసం 2 కాబట్టి పి² + 2 కనీసం 6, అంటే 3 కన్నా పెద్దది. 3 కన్నా పెద్దదై 3 భాగించే సంఖ్య ప్రధానం కాదు. కాబట్టి పి = 3 ఒక్కటే.

ఇందులో "3 కన్నా పెద్దది" అన్న ముక్క చూశావా? చాలామంది దాన్ని వదిలేస్తారు. 3 భాగించినంత మాత్రాన ప్రధాన సంఖ్య కాకుండా పోదు, 3 స్వయంగా ప్రధాన సంఖ్యే. ఆ వాక్యం వదిలేసి మిగతాదంతా రాస్తే నేను 6 వేస్తాను, 7 కాదు. నీ పట్టికకు 1, ఒక్క ముక్క తగ్గిన పరిష్కారానికి 6. మధ్యలో 3, 4 ఎందుకు రావు అనేదే నీకు ముఖ్యంగా తెలియాల్సింది.

దిద్దేవాళ్లు బడి పరీక్షలో లాగా స్టెప్పుకో మార్కు కూడుకుంటూ పోరు. కాగితం మొత్తం చదివి ముందు ఒకే ప్రశ్న వేసుకుంటారు: ఇది చిన్న లోటున్న పూర్తి పరిష్కారమా, లేక కొన్ని మంచి విషయాలున్న అసంపూర్తి ప్రయత్నమా? మొదటిదైతే 7 నుంచి కిందికి దిగుతారు, 6, మహా అయితే 5. రెండోదైతే 0 నుంచి పైకి ఎక్కుతారు, 1, బాగుంటే 2. అందుకే మధ్య మార్కులు అరుదు. కొన్ని లెక్కలు సహజంగా రెండు ముక్కలుగా ఉంటాయి, అక్కడ 3, 4 కనిపిస్తాయి. మిగతా చోట్ల నీ కాగితం ఈ గట్టునో ఆ గట్టునో పడుతుంది. నీ నాలుగు "సరైన" జవాబులూ ఈ గట్టునే ఉండిపోయాయి.

పెద్ద పోటీలు కూడా పూర్తి పరిష్కారాన్నే గౌరవించేలా నియమాలు పెట్టుకున్నాయి. అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ 1959లో రుమేనియాలో మొదలైంది. ఇప్పుడు రెండు రోజులు, రోజుకు నాలుగున్నర గంటలు, మూడేసి లెక్కలు, ఒక్కోదానికి 7 మార్కులు. పతకం రాకపోయినా ఒక్క లెక్కకు 7కి 7 తెచ్చుకున్న విద్యార్థికి ప్రత్యేక ప్రశంస ఇస్తారు. ఆరు లెక్కల్లో తలా ఒక మార్కు ఏరుకున్నవాడికి అది లేదు. 1980లో మొదలైన టోర్నమెంట్ ఆఫ్ టౌన్స్ అనే అంతర్జాతీయ బడిపిల్లల గణిత పోటీలో నువ్వు ఎన్ని లెక్కలు చేసినా, ఎక్కువ మార్కులొచ్చిన మూడే లెక్కలోకి తీసుకుంటారు. ఐదు సగం పరిష్కారాల కన్నా రెండు నిండు పరిష్కారాలు మేలని దీన్నిబట్టే అర్థమవుతుంది.

ఇక నేను ఎక్కువగా చూసే పొరపాట్లు. అన్నింటికన్నా ముందు "గరిష్ఠం ఎంత" అనే లెక్కల గురించి చెప్పాలి, ఎందుకంటే తెలివైన పిల్లలు కూడా ఇక్కడే దెబ్బ తింటారు.

1 నుంచి 100 వరకు ఉన్న సంఖ్యల్లోంచి కొన్ని ఏరాలి, ఏరినవాటిలో ఏదీ మరొకదాన్ని భాగించకూడదు. గరిష్ఠంగా ఎన్ని ఏరొచ్చు? జవాబు 50. చాలా కాగితాల్లో ఇలా ఉంటుంది: "51 నుంచి 100 వరకు తీసుకుంటే 50 సంఖ్యలు. వీటిలో ఏదీ మరొకదాన్ని భాగించదు. ఇంకో సంఖ్య చేర్చితే అది వీటిలో ఏదో ఒకదాన్ని భాగిస్తుంది. కాబట్టి 50 కన్నా ఎక్కువ కుదరదు." చదవడానికి ఎంత నున్నగా ఉందో! ప్రతి వాక్యమూ నిజమే, చివరిది కూడా నిజమే. కానీ చివరి వాక్యం ముందువాటి నుంచి రాదు. ఎందుకో చూడు: నేను 1 ఒక్కటే ఏరుకుంటాను. 1 అన్నింటినీ భాగిస్తుంది కాబట్టి ఇక ఏ సంఖ్యనూ చేర్చలేను. అదే వాదనతో గరిష్ఠం 1 అనాలి మరి! నువ్వు తీసుకున్న గుంపుకు ఇంకొకటి చేర్చలేకపోవడం వేరు, అసలు ఏ గుంపూ అంతకన్నా పెద్దది కాలేకపోవడం వేరు.

సరైన దారి ఇది. ప్రతి సంఖ్యనూ 2 ఘాతం, ఒక బేసి సంఖ్యల లబ్ధంగా రాయొచ్చు: 48 = 16 × 3, 50 = 2 × 25, 77 = 1 × 77. ఈ బేసి భాగం 1, 3, 5 మొదలు 99 వరకు ఉన్న 50 బేసి సంఖ్యల్లో ఒకటి. కాబట్టి ఎవరు ఏ 51 సంఖ్యలు ఏరినా వాటిలో రెండింటికి ఒకే బేసి భాగం ఉండి తీరాలి. ఆ రెండింటిలో తేడా 2 ఘాతంలో మాత్రమే, కాబట్టి చిన్నది పెద్దదాన్ని భాగిస్తుంది. అంటే 51 కుదరదు. 50 కుదురుతుందని 51 నుంచి 100 వరకు ఉన్న గుంపు చూపిస్తుంది. ఇలాంటి లెక్కలో ఎప్పుడూ రెండు పనులు: ఇంతకన్నా ఎక్కువ ఎవరికీ సాధ్యం కాదని నిరూపించడం, ఇంత సాధ్యమేనని ఒక ఉదాహరణ చూపడం. నా దగ్గర చదివే పిల్లలకు కాగితం మీద రెండు శీర్షికలు ముందే రాసుకోమంటాను, "పైహద్దు" అని ఒకటి, "ఉదాహరణ" అని ఒకటి. ఏది ఖాళీగా మిగిలిందో వాళ్లకే కనిపిస్తుంది.

రెండోది తిరగేసి రాయడం. ధన సంఖ్యలు ఎ, బి లకు ఎ/బి + బి/ఎ ≥ 2 అని నిరూపించమంటారు. పిల్లలు అదే మొదటి వరుసగా రాసి, రెండు వైపులా ఎబి తో గుణించి, ఎ² + బి² ≥ 2ఎబి, కాబట్టి (ఎ − బి)² ≥ 0, ఇది నిజం, కాబట్టి నిరూపితం అంటారు. నిరూపించాల్సినదాన్ని నిజమనుకుని మొదలుపెట్టి ఒక నిజం దగ్గరికి చేరారు. అలా అయితే 1 = −1 కూడా నిరూపించొచ్చు: రెండు వైపులా వర్గం చెయ్యి, 1 = 1, నిజమే కదా! ఎ, బి లెక్కలో అదృష్టవశాత్తూ ప్రతి స్టెప్పూ వెనక్కి కూడా నడుస్తుంది. చిత్తులో ఎలా కనుక్కున్నావో ఎవరికీ అక్కర్లేదు, ఫెయిర్‌లో మాత్రం చివరి వరుస నుంచి మొదలుపెట్టి పైకి రాయి: (ఎ − బి)² ≥ 0, కాబట్టి ఎ² + బి² ≥ 2ఎబి, ఎబి ధన సంఖ్య కాబట్టి దానితో భాగించవచ్చు, అంతే. "ఎబి ధన సంఖ్య కాబట్టి" అన్నది అలంకారం కాదు, అది లేకపోతే గుర్తు తారుమారవుతుంది.

రేఖాగణితం గురించి క్లుప్తంగా. నీ బొమ్మను నమ్మకు. నువ్వు గీసిన బొమ్మలో బిందువు త్రిభుజం లోపల పడి ఉండొచ్చు, లెక్కలో ఆ మాట ఎక్కడా ఉండకపోవచ్చు. బయట పడితే నీ కోణాల కూడిక తీసివేత అవుతుంది. రెండు సందర్భాలూ రాయి. నిరూపకాలతో చెయ్యాలనుకుంటే చివరిదాకా చెయ్యి, సగంలో ఆపిన నిరూపక జ్యామితికి మార్కులు వెయ్యడానికి ఏమీ దొరకదు.

"స్పష్టమే" అన్న మాట గురించి ఒక ముచ్చట. ఒకసారి ఒక కాగితం దిద్దాను, ముత్యాల్లాంటి అక్షరాలు, మూడు పేజీలు. మొదటి రెండు పేజీల్లో తెలిసిన సూత్రాల్ని కూడా వివరంగా నిరూపించాడు ఆ అబ్బాయి. మూడో పేజీలో లెక్కలోని కష్టమంతా ఎక్కడుందో సరిగ్గా అక్కడికి వచ్చి "ఇది స్పష్టమే" అని రాసి ముగించాడు. నాతో పాటు దిద్దే ఆయన, నేను విడివిడిగా చదివి, ఇద్దరమూ 1 వేశాం. అప్పటి నుంచి ఏ కాగితంలో "స్పష్టమే", "సులభంగా చూడొచ్చు" కనిపించినా నా పెన్ను అక్కడ ఆగుతుంది. అందరు దిద్దేవాళ్లకీ ఈ అలవాటు ఉంటుందని నా అనుమానం. నిజంగా అంత స్పష్టమైతే కారణం ఒక్క వాక్యంలో పడుతుంది, ఆ వాక్యమే రాసెయ్యి.

అలాగని అంతా చాంతాడంత రాయాలని కాదు. 1959లో ప్రసిద్ధ గణిత శాస్త్రవేత్త పాల్ ఎర్డోష్ హంగరీకి వచ్చినప్పుడు లాయోష్ పోషా అనే కుర్రాడి గురించి విని, అతన్ని భోజనం దగ్గర కలిశాడు. ఆ పిల్లాడికి అప్పటికి పన్నెండేళ్లు కూడా నిండలేదు. 1 నుంచి 2ఎన్ వరకు ఉన్న సంఖ్యల్లో ఏ ఎన్ + 1 సంఖ్యలు తీసుకున్నా వాటిలో రెండు పరస్పర ప్రధాన సంఖ్యలు (1 తప్ప రెండింటినీ భాగించే సంఖ్య లేనివి) ఉంటాయని నిరూపించమని ఎర్డోష్ అడిగాడు. పిల్లాడు సూప్ తాగుతూ తాగుతూ కాసేపు ఆగి, "ఆ రెండూ పక్కపక్క సంఖ్యలు" అన్నాడట. ఎర్డోష్‌కి ఆ మాట చాలు, ఎదుటివాడి తలలో మిగతాది ఉందని చూసి తెలుసుకోగలడు. పోటీ కాగితం మీద అదే మాట రాస్తే ఎన్ని మార్కులు? నేనైతే చాలాసేపు ఆలోచిస్తాను, ఎందుకంటే అసలు ఆలోచన అంతా అందులోనే ఉంది, కానీ రెండు ప్రశ్నలు మిగిలాయి. పక్కపక్క సంఖ్యలు ఉండే తీరతాయని ఎలా తెలుసు? అవి పరస్పర ప్రధానాలు ఎందుకు? రెండే రెండు వాక్యాలు చేర్చు: (1, 2), (3, 4), ఇలా 2ఎన్ సంఖ్యల్ని ఎన్ జతలుగా విడదీస్తే, ఎన్ + 1 సంఖ్యల్లో రెండు ఒకే జతలో పడక తప్పదు. పక్కపక్క సంఖ్యలు రెంటినీ భాగించేది వాటి తేడా అయిన 1నీ భాగించాలి, కాబట్టి వాటి గ.సా.భా. 1. మొత్తం మూడు వరుసలు, 7కి 7. నోటితో చెప్పడానికీ కాగితం మీద రాయడానికీ ఉన్న దూరం ఆ రెండు వాక్యాలే. నువ్వు నేర్చుకోవాల్సింది ఆ దూరం ఎక్కడుందో గుర్తుపట్టడం.

సూత్రాల పేర్లు రాస్తే చాలా, నిరూపించాలా అని కూడా అడిగావు. అంకమధ్యమం–గుణమధ్యమం, కోషీ అసమానత, ఫెర్మా చిన్న సిద్ధాంతం, సీవా సిద్ధాంతం లాంటివి పేరు చెప్పి వాడుకో. కానీ షరతులు సరిపోయాయని రాయాలి. అంకమధ్యమం–గుణమధ్యమం వాడేటప్పుడు సంఖ్యలు రుణాత్మకం కావని, ఫెర్మా వాడేటప్పుడు ఆ ప్రధాన సంఖ్య నీ సంఖ్యను భాగించదని. ఎక్కడో చదివిన, పేరు తెలియని సిద్ధాంతం అయితే నిరూపణ కూడా రాసెయ్యడం క్షేమం. అడిగిన లెక్కనే "ఇది ప్రసిద్ధ ఫలితం" అని కొట్టిపారేసే సాహసం మాత్రం చెయ్యకు, అలాంటి కాగితాలు కూడా చూశాను.

పరిష్కారం పూర్తి కాకపోతే ఏం చెయ్యాలి? ఉన్నది ఉన్నట్టు రాయి. "ఈ మెట్టు నేను నిరూపించలేకపోయాను, ఇది నిజమనుకుంటే మిగతాది ఇలా వస్తుంది" అని రాసిన కాగితం మీద నాకు గౌరవం. ఆ గొయ్యిని మాటలతో కప్పేసినవాణ్ని చూస్తే, మిగతా ప్రతి వరుసనూ అనుమానంతో చదవాల్సి వస్తుంది. ఒకే లెక్కకు రెండు పరిష్కారాలు రాసి, ఏది కావాలంటే అది తీసుకోండి అన్నట్టు వదలకు. ఒకటి ఎంచుకో, రెండోది కొట్టెయ్యి.

భాష, వ్యాకరణం గురించి నువ్వు పడే భయం అనవసరం. అంతర్జాతీయ ఒలింపియాడ్‌లో ఎవరి భాషలో వాళ్లు రాస్తారు. జట్టు నాయకులు తమ పిల్లల కాగితాలను పట్టుకెళ్లి, మార్కులు నిర్ణయించేవాళ్ల ఎదుట కూర్చుని వాదిస్తారు. ఆ గదిలో రాసినవాడు ఉండడు, కాగితం ఒక్కటే ఉంటుంది. కాగితంలో లేని వాదనను నాయకుడు ఎంత గొంతు చించుకున్నా తేలేడు.

సమయం పెట్టి హాల్లో రాసే పోటీలు ఒక రకం, ఇంటి దగ్గర కూర్చుని వారాల తరబడి ఆలోచించి పంపే పోటీలు మరో రకం. నువ్వు రెండో రకంతో మొదలుపెడితే బాగుండేదని నా అభిప్రాయం. హంగరీలో ఈ పద్ధతికి పెద్ద చరిత్ర ఉంది. 1894లో దానియెల్ అరానీ అనే ఉపాధ్యాయుడు హైస్కూలు పిల్లల కోసం మొదలుపెట్టిన, ఇప్పుడు కోమల్ అని పిలుచుకునే గణిత పత్రిక లెక్కలు ఇస్తుంది, పిల్లలు పరిష్కారాలు రాసి పంపుతారు, పత్రికవాళ్లు వాటిని దిద్దుతారు, మంచివి అచ్చువేస్తారు. అదే దేశంలో పుట్టిన జార్జ్ బెర్‌జెనీ అదే ఆలోచనను అమెరికాకు పట్టుకెళ్లి 1989లో ఒక పోటీ మొదలుపెట్టాడు. అదే ఇప్పటి యూఎస్‌ఏఎమ్‌టీఎస్ (యూఎస్‌ఏ మ్యాథమెటికల్ టాలెంట్ సెర్చ్). మూడు విడతలు, విడతకు ఐదు లెక్కలు, లెక్కకు 5 మార్కులు, ప్రతి విడతకూ వారాల సమయం. గడియారం లేదు కాబట్టి రాయడం తప్ప సాకు మిగలదు. ఎవరి సాయమూ తీసుకోకూడదు, ఇంటర్నెట్‌లో అడగకూడదు. ఆ నియమం తప్పితే పట్టుకునేవాళ్లు ఉండకపోవచ్చు, కానీ ఇంకొకరు రాసిన పరిష్కారం పంపి 5 తెచ్చుకుంటే నీకు ఏమొస్తుందో నువ్వే చెప్పు.

హాల్లో రాసేటప్పుడు నా పిల్లలకు చెప్పేది ఒక్కటే: లెక్క తేలిందనిపించిన క్షణం ఆనందపడి తర్వాతి లెక్కకు దూకొద్దు. అప్పుడే, వేడి మీదే ఫెయిర్ రాసెయ్యి. రాస్తుంటేనే గొయ్యి ఎక్కడుందో తెలుస్తుంది. చివరి పావుగంటలో రాద్దామని మూడు లెక్కల్ని తలలో పెట్టుకుని కూర్చున్నవాళ్లు మూడూ పోగొట్టుకోవడం చాలాసార్లు చూశాను.

సాధన ఎలా అంటావా, వారానికి ఒక్క లెక్క చాలు. రాయి, రెండు రోజులు పక్కన పెట్టు, తర్వాత నువ్వు రాసింది కాదన్నట్టు చదువు. లెక్కలంటే ఇష్టమున్న స్నేహితుడికి ఇచ్చి, ప్రతి వాక్యం దగ్గరా "ఎందుకు?" అని అడగమను. నువ్వు నోరు తెరిచి వివరించాల్సి వచ్చిన ప్రతి చోటా కాగితంలో ఒక వాక్యం తక్కువైందన్నమాట.

మళ్లీ దిద్దించే దరఖాస్తు సంగతి నీ ఇష్టం. ఈలోగా ఒక లెక్క ఇస్తున్నాను, నువ్వు పోగొట్టుకున్న లెక్కకు తమ్ముడు లాంటిది: పి, పి² + 4, పి² + 6 మూడూ ప్రధాన సంఖ్యలయ్యే పి విలువలన్నీ కనుక్కో. పట్టిక వేసుకో, ఈసారి దాన్ని తేరిపార చూడు. రాశాక రెండు రోజులాగి పంపు, ఎర్ర పెన్నుతో దిద్ది ఇస్తాను. జవాబు 5 ఒక్కటే, అది ఇప్పుడే చెప్పేస్తున్నాను. దానికి మార్కులేం లేవు.